బుడగ వేరు, నురగ వేరు: ఒక అల్లం బీరు కేసు

గ్యాసు లేదు, నురగ నిలవదు. ఇంట్లో పానీయాలు పులియబెట్టేవాళ్లు నా దగ్గరకు తెచ్చే ఫిర్యాదుల్లో ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. చాలా ఏళ్లు నేను కూడా వాటిని ఒకే జబ్బుకు రెండు లక్షణాలుగా చూశాను. గ్యాసు పెంచితే నురగ దానంతట అదే వస్తుందని సలహాలు ఇచ్చాను. ఆ అలవాటును నాతో మాన్పించిన కేసు ఇది.

డిగ్రీ కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి విరమించాక, నల్లగొండ చుట్టుపక్కల ఇళ్లలో పచ్చళ్లు, పులిసిన పానీయాలు చేసుకునేవారికి సాయపడుతున్నాను. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోటు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే.

పూర్వరంగం

జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఆమెకు నలభై దాటాయి. భర్తది కిరాణా దుకాణం. ఇంట్లో అత్తగారు ఉన్నారు. బంధువుల ఇంట్లో అల్లం బీరు తాగి, నచ్చి, రెండేళ్లుగా తానే చేస్తోంది. అమ్మకానికి కాదు, ఇంటికి వచ్చినవారికి పోయడానికి. అల్లం బీరు 18వ శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన పానీయం. అల్లం, చక్కెర, నిమ్మకాయ, ఈస్టు ఉంటే చాలు. ఈస్టు చక్కెరను తిని కార్బన్ డయాక్సైడును, దానితోపాటు కొంత ఆల్కహాలును ఇస్తుంది. మూత బిగించిన సీసాలో ఆ గ్యాసు బయటికి పోలేక నీటిలో కరుగుతుంది. మాల్టు బీరును సీసాలోనే గ్యాసెక్కించే పద్ధతి కూడా ఇదే.

ఆమె కొలత: 5 లీటర్ల నీరు, 150 గ్రాముల అల్లం, అర కిలో చక్కెర, నాలుగు నిమ్మకాయలు, ఒక చెంచా బ్రెడ్డు ఈస్టు. అన్నీ బక్కెట్లో కలిపి, ఒక రాత్రి ఉంచి, సీసాలకు పోసి, మరో రోజు వంటగది అలమరలో పెట్టి, తాగే ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచేది.

ఏం జరుగుతోంది

ఏప్రిల్ మూడో వారంలో ఫోను చేసింది. ఒక సీసా మూత తీయగానే సగం పానీయం పొంగి నేలపాలవుతోంది. మిగిలిన సగం గ్లాసులో పోస్తే నిమిషంలో చప్పబడుతోంది. పైన నురగ అన్నది కనబడదు. మరో సీసాలో అసలు గ్యాసే ఉండదు. చివరగా, చెప్పడానికి వెనకాడుతూ, ముందురోజు మధ్యాహ్నం అలమరలో ఒక గాజు సీసా పగిలిందని చెప్పింది. అదృష్టవశాత్తు వంటగదిలో ఎవరూ లేరు.

నేను మిగతావన్నీ పక్కనపెట్టి ఆ సంగతి అందుకున్నాను. “అమ్మా, గాజు సీసాలను ముట్టుకోవద్దు. మందపాటి దుప్పటి కప్పి, మీరంతా దూరంగా ఉండండి. నేను వస్తున్నాను” అన్నాను. వెళ్లేటప్పుడు ముఖానికి అడ్డు, చేతికి మందపాటి తొడుగులు తీసుకెళ్లి, దుప్పటి మీదినుంచే ఒక్కొక్క మూతా వదులు చేశాను. కూల్‌డ్రింకు వచ్చే ప్లాస్టిక్ సీసాలు తప్ప ఆ ఇంట్లో ఇక మరేవీ వాడకూడదని ఆ రోజే చెప్పేశాను. ఆ సీసాలు గ్యాసు ఒత్తిడికి తట్టుకునేలా చేసినవి. పైగా చేత్తో నొక్కి చూస్తే లోపల ఎంత గట్టిపడిందో తెలుస్తుంది. గాజు ఆ సూచన ఇవ్వదు.

ఆమె అప్పటికే చేసి చూసినవి

గ్యాసు తక్కువైందనుకున్నప్పుడు చక్కెర పెంచింది. ఫలితం లేదనుకుని ఈస్టు పెంచింది. తర్వాత ఎవరో చెబితే గ్లాసులో చిటికెడు వంట సోడా వేసింది. సోడా వేయగానే బుస్సుమని పొంగుతుంది, నిజమే. నిమ్మరసంలోని ఆమ్లంతో కలిసి అది అప్పటికప్పుడు గ్యాసును పుట్టిస్తుంది. తెరిచి ఉన్న గ్లాసులో పుట్టిన గ్యాసు కరగకుండా గాలిలో కలిసిపోతుంది. పైగా పులుపు పోయి ఉప్పదనం మిగులుతుంది. పులుపు ఒక్క రుచికోసమే కాదు, చెడు సూక్ష్మజీవులు పెరగకుండా కాపాడేదీ అదే. అందుకే సోడాను మొదట ఆపించాను.

నీటి సంగతి కూడా అడిగాను. సగం బోరు నీరు, సగం శుద్ధి చేసిన నీరు కలుపుతోంది. ఆమె గిన్నె అడుగున తెల్లటి పొర కట్టి ఉంది. మన జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడు ఎంత కీడు చేసిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి గ్యాసు ఊసు లేకపోయినా బోరు నీరు వద్దనే అనేదాన్ని. ఈ పానీయానికి దాని వల్ల మరో నష్టం ఉంది: బోరు నీటిలోని బైకార్బొనేటు నిమ్మ పులుపును కొంత తినేస్తుంది. నీటికి ఇక మిషన్ భగీరథ కుళాయే అని నిర్ణయించాం.

నా మొదటి నిర్ణయం

అర కిలో చక్కెర లెక్క వేసి చూసినప్పుడు నాకు వెన్నులో చలి పుట్టింది. 5 లీటర్లకు 500 గ్రాములంటే లీటరుకు 100 గ్రాములు. ఈస్టు ఒక గ్రాము చక్కెర నుంచి సుమారు అర గ్రాము గ్యాసును ఇస్తుంది. లీటరు నీటిలో 2 గ్రాముల గ్యాసు కరిగితే దాన్ని ఒక వంతు గ్యాసు అనుకుందాం. మామూలు బీరులో ఇది రెండున్నర వంతుల దగ్గర ఉంటుంది. 100 గ్రాముల చక్కెర అంతా పులిస్తే 50 గ్రాముల గ్యాసు, అంటే 25 వంతులు! అంతవరకు రాకముందే ఏ సీసా అయినా పగులుతుంది. ఆమె సీసాలు ఇంతకాలం పగలకపోవడానికి ఒకే కారణం, సమయానికి ఫ్రిజ్‌లోకి వెళ్లడం. శీతాకాలంలో ఒక రోజు ఆలస్యమైనా పరవాలేదు. ఏప్రిల్‌లో ఆమె వంటగది మధ్యాహ్నం 37 డిగ్రీలు. అక్కడ నాలుగు గంటల ఆలస్యమూ ప్రమాదమే. ఒక సీసా పొంగడం, మరొకటి చప్పబడి ఉండడం కూడా ఇందులోనే పుట్టింది. అలమరలో పైఅరకూ కిందిఅరకూ వేడిలో తేడా ఉంది. మూతల బిగుతూ ఒకటిగా లేదు.

తీపి ఉండాలంటే చక్కెర ఉండాలి, చక్కెర ఉంటే ప్రమాదం. ఈ ముడి విప్పడానికి రెండు దారులు కనిపించాయి. ఈస్టు తినలేని స్టీవియాతో తీపి చేయడం ఒకటి. ఆమె ఒకసారి రుచి చూసి, నాలుక మీద చేదు మిగులుతోందంటూ వద్దంది. రెండోది మన షర్బత్తు పద్ధతి. సీసాలో గ్యాసుకు కావలసినంత చక్కెర మాత్రమే వేయాలి, తీపిని తాగేటప్పుడు పాకంగా గ్లాసులో కలుపుకోవాలి. సీసాలో ఉన్న చక్కెర అంతా అయిపోయాక ఈస్టు ఆగిపోతుంది. ఎండలో మరిచిపోయినా ఒత్తిడి ఒక హద్దు దాటదు. భద్రత మనిషి జ్ఞాపకశక్తి మీద కాక కొలత మీద ఆధారపడాలని ఈ దారి ఎంచుకున్నాను.

లీటరుకు 10 గ్రాముల చక్కెర, 5 లీటర్లకు ఒక గ్రాము ఈస్టు. దీనితో 5 గ్రాముల గ్యాసు, అంటే రెండున్నర వంతులు వస్తుంది. ఆల్కహాలు సుమారు 0.6 శాతం. తక్కువే, కానీ సున్నా కాదు. పిల్లలకు, గర్భిణులకు పోయవద్దని సీసా మీద రాసి పెట్టించాను. సీసా 35 డిగ్రీల గదిలో ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే మూడు అట్మాస్ఫియర్ల మేర ఎక్కువ ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు పైచిలుకు. ఈ పోలిక చెప్పాక ఆమె భర్త దుకాణంలోని ఖాళీ గాజు సీసాలను తానే తీసుకెళ్లి పాత సామాను వాడికి ఇచ్చేశారు.

ఇది పనిచేసింది, కానీ సగమే. సీసాలన్నీ ఒకేలా గట్టిపడ్డాయి. పగిలే భయం పోయింది. మూత తీస్తే మాత్రం ఇంకా పొంగుతోంది, గ్లాసులో నురగ ఇంకా నిలవడం లేదు.

ఇక్కడ నేను తప్పు చేశాను

నురగ లేదంటే గ్యాసు చాలలేదనుకున్నాను. చక్కెరను 13 గ్రాములకు పెంచాను. పొంగు పెరిగింది, నురగ పెరగలేదు. ఆమె చేసిన పనినే నేనూ కొలత పెట్టి చేశాను. మందు పనిచేయకపోతే మోతాదు పెంచాలనిపించడం సహజం. రోగం అదేనా అని ముందు అడగాలి, నేను అడగలేదు.

అప్పుడు అత్తగారు అన్న మాట నన్ను ఆపింది. ఆమె పుట్టింటి వైపు తాటివనాలు. “కల్లు లొట్టిలో నురగ చూడండి మేడం. గ్యాసు దీనికంటే ఎక్కువ ఉంటుందా? అయినా పైన తెల్లగా నిలిచే ఉంటుంది. లొట్టిని మాత్రం నూనె చేత్తో ముట్టనిచ్చేవారు కాదు మా నాన్న” అన్నారు.

ఆ మాటలో రెండు విషయాలు ఉన్నాయి. తెరిచిన లొట్టిలో మూత వేసిన సీసాలోలా ఒత్తిడి ఉండదు, అయినా నురగ ఉంది. రెండోది నూనె. ఆ రాత్రి కొత్త పేజీలో రెండు ప్రశ్నలు విడివిడిగా రాసుకున్నాను: నీటిలో గ్యాసు ఉందా? ఉంటే పైన ఎందుకు నిలవడం లేదు?

మొదటి దానికి తూకం. 10 గ్రాముల చక్కెరతో చేసిన సీసాలు మూడు మిగిలి ఉన్నాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, బయటి చెమ్మ తుడిచి, ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా మీద తూచాను. మూతను వెంట్రుకవాసి తిప్పి, చుక్క కూడా పొంగకుండా గంటసేపు గ్యాసును వదిలాను. ఆ తర్వాత మూత తీసి, గది వేడికి రానిచ్చి, సాయంత్రం దాకా అప్పుడప్పుడు కుదిపి మళ్లీ తూచాను. లీటరు సీసాలు 5, 4, 5 గ్రాములు తగ్గాయి. లెక్క ఎంత చెప్పిందో అంతే. గ్యాసు కొరత ఎన్నడూ లేదు. ఈ తూకం మొదటి రోజే వేసి ఉంటే మూడు వారాలు, పదిహేను లీటర్ల పానీయం మిగిలేవి.

పొంగు ఎలా ఆగింది

గ్యాసు సరిపడా ఉండి పొంగుతోందంటే, అది నీటిని ఒక్కసారిగా విడిచిపెట్టేందుకు ఏదో ఆసరా దొరుకుతోందన్నమాట. బుడగ నున్నటి నీటిలో తేలికగా పుట్టదు. నలుసో, పీచో కావాలి. ఆమె అల్లాన్ని తురిమి పలుచటి గుడ్డలో పిండేది. సీసా అడుగున పీచు, తెల్లటి పిండి స్పష్టంగా కనిపించాయి.

రెండో కారణం చల్లదనం. 35 డిగ్రీల దగ్గర మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీరు సుమారు 0.6 లీటరు గ్యాసునే పట్టుకోగలదు. 5 డిగ్రీల దగ్గర 1.4 లీటర్లు పట్టుకుంటుంది. రెండు గంటల్లో సీసా గోడ చల్లబడుతుంది, మధ్యలోని పానీయం చల్లబడదు. పైభాగంలో పేరుకున్న గ్యాసు కిందికి కరగడానికీ సమయం కావాలి.

అందుకని అల్లాన్ని తురిమి, నీటిలో పది నిమిషాలు మరిగించి, రెండు మడతల గుడ్డలో వడగట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచమన్నాను. పిండి అడుగుకు చేరుతుంది. తేటను సన్నటి గొట్టంతో నడుమ నుంచి లాగాలి. పానీయం సీసాల్లో రెండు రోజులు బయట, ఆపైన ఒక పూర్తి రోజు ఫ్రిజ్‌లో ఉండాలి. ఈ మార్పులతో మొదటి విడతలోనే పొంగు ఆగింది.

నురగ వెనుక

ఎక్కువ కాలం పట్టింది దీనికే, నాకు ఎక్కువ నేర్పిందీ ఇదే.

ఒకే సీసాలోని పానీయాన్ని ఒకే ఎత్తు నుంచి రెండు పాత్రల్లో పోశాం. ఒకటి ఆమె రోజూ వాడే స్టీలు గ్లాసు, సబ్బుతో కడిగి వంటింటి గుడ్డతో తుడిచింది. రెండోది గాజు గ్లాసు. వేడి నీటిలో వంట సోడా వేసి తోమి, రెండుసార్లు మంచి నీటితో తొలిచి, తుడవకుండా బోర్లించి ఆరబెట్టింది. స్టీలు గ్లాసులో నురగ 8 సెకన్లు నిలిచింది, గాజు గ్లాసులో 25. పానీయం మారలేదు, గ్యాసు మారలేదు. తిరగమోత వేసే వంటగదిలో గుడ్డకు నూనె అంటకుండా ఉండదు. ఆ గుడ్డే గ్లాసును తుడుస్తోంది. అత్తగారు ఏమీ అనలేదు, కోడలు వైపు చూసి నవ్వారంతే.

నురగ అంటే బుడగల చుట్టూ ఉండే పలుచటి నీటి పొరలు. నూనె గానీ సబ్బు జిడ్డు గానీ ఆ పొరలోకి చొరబడితే అది అక్కడికక్కడే తెగుతుంది. అయితే పానీయంలోనే నూనె ఉంటే? ఎండిన అల్లంలో పరిమళ తైలం ఒకటి నుంచి మూడు శాతం ఉంటుంది. పచ్చి అల్లంలో తక్కువైనా ఉంటుంది. గుడ్డలో గట్టిగా పిండినప్పుడు అది కూడా దిగుతుంది. మరిగించి, నిలవ ఉంచి, నడుమ నుంచి లాగిన తేటలో ఈ తైలమూ తగ్గింది. నురగ 40 సెకన్లకు చేరింది. ఘాటు కొంత తగ్గిన మాట నిజం. ఘాటు కావాలా, నురగ కావాలా అని ఆమెనే అడిగాను. అల్లం 200 గ్రాములకు పెంచి చూద్దామంది. రుచి నిలిచింది. గ్లాసులో కలిపే పాకాన్ని మాత్రం ఉత్త చక్కెరతోనే చేయిస్తున్నాను.

ఆ పైన కావలసింది పొరను పట్టి ఉంచే పదార్థం. బీరులో ఆ పని బార్లీ మాల్టులోని ప్రొటీన్లు, హాప్స్ పువ్వు చేదు కలిసి చేస్తాయి. అల్లం నీటిలో అలాంటివి దాదాపు లేవు. ముందు లడ్డూల్లో వేసే తుమ్మ బంకను కొద్దిగా కరిగించి కలిపాను. పానీయాల్లో నురగ నిలపడానికి బంక వాడడం ఉన్నదే. నురగ కొంచెం మెరుగైంది, కానీ పెదాలకు జిగురు అంటుతోందని ఇంట్లో ఎవరూ రెండో గుటక తాగలేదు. వదిలేశాం.

తర్వాత గోధుమ మాల్టు. గోధుమ ప్రొటీన్లు నురగకు బలమిస్తాయని బీరు కాచేవారికి చిరకాలంగా తెలుసు. ఇది మన ఇళ్లకు కొత్త పని కాదు, రాగి మాల్టుకు చేసేదే. గోధుమలు రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి రెండు రోజులు మొలకెత్తించి, ఎండబెట్టి, మొలకల వేళ్లు నలిపి చెరిగి, బరకగా విసరాలి. నల్లగొండ మే ఎండకు ఒక్క రోజు చాలింది. ఆ పిండిని 65 డిగ్రీల నీటిలో ముప్పావు గంట ఉంచి, వడగట్టి, పది నిమిషాలు మాత్రమే మరిగించాం. ఎక్కువసేపు మరిగిస్తే మనకు కావలసిన ప్రొటీన్లే విరిగి అడుక్కు చేరతాయి.

5 లీటర్లకు 80 గ్రాముల మాల్టుతో మొదలుపెట్టాను. రెండో రోజు ఉదయమే ఫోను: సీసాలు రాయిలా ఉన్నాయి, అడుగు ఉబ్బింది. అన్నిటినీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించి, చల్లబడ్డాక ఒక్కొక్కటే గ్యాసు వదిలించాను. తప్పు నాది. మాల్టును నురగ కోసం తెచ్చిన ప్రొటీనుగా మాత్రమే చూశాను. ఆ ముప్పావు గంటలో గోధుమ పిండి చక్కెరగా మారుతుందని నేను తరగతిలో ఏళ్లతరబడి చెప్పిన పాఠమే. 80 గ్రాముల మాల్టు లీటరుకు సుమారు 7 గ్రాముల పులిసే చక్కెరను తెచ్చింది. పైన నేను వేయించిన 10. మొత్తం 17, అంటే నాలుగు వంతులు దాటిన గ్యాసు. ప్లాస్టిక్ సీసాలు కాబట్టి ఫోనుతో పోయింది.

మాల్టును 40 గ్రాములకు తగ్గించి, చక్కెరను లీటరుకు 10 నుంచి 6 గ్రాములకు దించాను. మొలక ఎంత బాగా వచ్చిందన్నదాన్ని బట్టి ఈ లెక్క అటూ ఇటూ కావచ్చు. అందుకే చక్కెరను 6 కంటే పెంచనివ్వలేదు. గ్యాసు కొంచెం తక్కువైనా తాగవచ్చు. తూకం మళ్లీ వేస్తే సీసాకు 4 నుంచి 5 గ్రాములు వచ్చింది. శుభ్రమైన గాజు గ్లాసులో అడుగున పాకం వేసి, గ్లాసు వంచి అంచు మీదుగా పోస్తే వేలెడు నురగ లేచి 110 సెకన్లు నిలిచింది. హాప్స్ లేని పానీయానికి అది మంచి ఫలితమే.

నా పద్ధతిలో మారినవి

నురగ ఫిర్యాదు వస్తే ఇప్పుడు వంటకం అడగను, ముందు గ్లాసు చూపించమంటాను. శుభ్రమైన గ్లాసులో పోసి చూడనిదే సీసాలో దేన్నీ మార్చను. గ్యాసు గురించి చెప్పే ముందు తూకం వేస్తాను. కొత్తగా ఏ గింజ, ఏ పండు, ఏ బెల్లం కలిపినా అందులోని చక్కెరను మొదట లెక్కలో రాసి, తర్వాతే సీసాలోకి అనుమతిస్తాను. ఒక విడతలో ఒకే మార్పు. ఈ కేసులో అల్లం మరిగించడం, నిలవ ఉంచడం ఒకేసారి మొదలుపెట్టాను కాబట్టి, 25 నుంచి 40 సెకన్లకు పెరగడంలో దేని వాటా ఎంతో ఈనాటికీ చెప్పలేను.

ఆగస్టులో ఫైలు మూసేశాను. డిసెంబరులో ఆమె మళ్లీ ఫోను చేసింది. రెండు రోజులైనా సీసాలు మెత్తగానే ఉన్నాయట. చక్కెర వేయనా అని అడిగింది. రాత్రి వంటగదిలో ఎంత చలిగా ఉందని అడిగాను. 18 డిగ్రీలు. చక్కెర వద్దు, సీసాలను బియ్యం డబ్బా పక్కన గోనెసంచి చుట్టి ఇంకో మూడు రోజులు ఉంచమని చెప్పాను. ఐదో రోజున గట్టిపడ్డాయి.